పిల్లలకు టీవీతో సైగల భాష: మన ఇంటికి ఏది సరిపోతుంది?

బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలు నాలుగేళ్లు వచ్చేసరికే మూడు నాలుగు భాషల మధ్య తిరుగుతుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, ఆటస్థలంలో హిందీ, కింద కూరగాయల బండి దగ్గర కన్నడ. వీటికి తోడు సైగల భాష కూడా నేర్పిద్దామా అని అడిగే తల్లిదండ్రులు నాకు తరచుగా ఎదురవుతున్నారు. కొందరి ఇంట్లో వినికిడి లేని బిడ్డ ఉంటుంది. కొందరి పిల్లలకు తరగతిలోనో పక్క ఫ్లాట్‌లోనో బధిర స్నేహితుడు ఉంటాడు. ఇంకా మాటలు రాని పసిపాపకు ఆకలి, దాహం చెప్పుకునే నాలుగు సైగలు నేర్పుదామనుకునేవారు మరికొందరు. అందరూ మొదట వెతికేది మాత్రం టీవీలోనే, లేకపోతే టీవీకి కలిపిన యూట్యూబ్‌లోనే.

మా అక్క కూతురికి పుట్టుకతోనే వినికిడి లేదు. తన కోసం, తనతో ఆడుకునే మా పిల్లల కోసం ఇలాంటి కార్యక్రమాలు చాలా వరకు వాళ్ల పక్కనే నేల మీద కూర్చుని చూశాను. చూసిన తర్వాత నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. ఏ కార్యక్రమం బాగుంది అని అడిగే ముందు, ఈ సైగలతో మా బిడ్డ ఎవరితో మాట్లాడాలి అని అడగాలి. ఆ మనిషి ఎవరో తేలితే మిగతా ఎంపిక సగం అయిపోయినట్టే. అలాంటి మనిషి ఎవరూ లేకపోతే ఎంత మంచి కార్యక్రమమైనా పిల్లలకు ఆ కాసేపటి కాలక్షేపంగానే మిగులుతుంది.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

ఏ దేశపు సైగలు? ప్రపంచమంతటా ఒకటే సైగల భాష ఉందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మాట్లాడేది ఇంగ్లిషే, కానీ ఆ రెండు దేశాల బధిరుల సైగల భాషలు పూర్తిగా వేరు. మనది మళ్లీ వేరు. ఇంగ్లిషు అక్షరాలనే తీసుకోండి. అమెరికా పద్ధతిలో ఒక చేతితోనే చూపిస్తారు. భారతీయ సైగల భాషలో రెండు చేతులూ వాడతారు. అచ్చులు అయిదూ ఎడమ చేతి అయిదు వేళ్ల కొసల మీద ఉంటాయి. కుడి చూపుడు వేలితో బొటనవేలి కొసను తాకితే ‘ఎ’, చిటికెన వేలి కొసను తాకితే ‘యు’, మిగతా మూడూ ఆ మధ్య వేళ్ల మీద వరుసగా వస్తాయి. బాగుంది అనడానికి మన దగ్గర బొటనవేలు, బాగాలేదు అనడానికి చిటికెన వేలు చూపిస్తారు. అమెరికా పాటలు చూసి నేర్చుకున్న పిల్లవాడు మన బధిర పిల్లల మధ్యకు వెళితే వాడికి వచ్చిన సైగల్లో చాలా భాగం అక్కడ చెల్లవు.

భారతీయ సైగల భాష హిందీకో ఇంగ్లిషుకో చేతులతో చేసిన నకలు కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది. తెలుగు ఇళ్లకు ఇందులో ఒక సౌలభ్యం కూడా ఉంది. ప్రశ్నించే పదం వాక్యం చివర వస్తుంది. ‘నీ పేరు ఏమిటి’ అని మనం అనే వరుసలోనే సైగలు సాగుతాయి. ఊరిని బట్టి కొన్ని సైగలు మారతాయి. హైదరాబాద్‌లో చూసినదానికీ చెన్నైలో చూసినదానికీ అక్కడక్కడా తేడా కనిపిస్తుంది. అయినా వేర్వేరు రాష్ట్రాల బధిరులు కలిసినప్పుడు మాటలు సాగిపోతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ వినే మన పిల్లలకు ఇది పెద్ద లాభం. నేర్చుకున్న సైగలు రాష్ట్రం మారినా పనికొస్తాయి.

బిడ్డ వయసు ఎంత? రెండేళ్లు నిండని పిల్లలకు తెర నుంచి భాష ఎక్కడం కష్టం. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో వెలువరించిన పరిశోధన దీని గురించే. తొమ్మిది నెలల పిల్లల్లో కొందరితో మాండరిన్ చైనీస్ మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని ఆడారు, చదివి వినిపించారు. మరికొందరికి అదే మనుషులను, అవే మాటలను వీడియోలో చూపించారు. ఎదురుగా మనిషి ఉన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనులను గుర్తుపట్టగలిగారు. వీడియో చూసినవారికి ఏమీ అబ్బలేదు. సైగలు కంటికి కనిపించేవి కాబట్టి కొంత వెసులుబాటు ఉంది. పదిహేను నెలల పిల్లలు వీడియో చూసి కొన్ని సైగలు నేర్చుకోగలరని 2015లో ఒక అధ్యయనం చూపింది. కానీ విడివిడిగా కొన్ని సైగలు రావడం వేరు, భాష రావడం వేరు.

తెర ముందు గడిపే సమయం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. సైగల భాష కార్యక్రమమైనా ఆ గంటలోనే ఇమడాలి. చదువు కోసం కదా అని అదనంగా ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

చేతులు, ముఖం ఎంత కనిపిస్తున్నాయి? చాలామంది పట్టించుకోని విషయం ఇది. సైగల భాషలో కనుబొమలు, పెదవులు, తల ఊపు అన్నీ వ్యాకరణమే. అవును కాదు అని జవాబు చెప్పే ప్రశ్న అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి. అవి కనిపించకపోతే పిల్లలకు వాక్యం తెలియదు, వేళ్ల కదలిక మాత్రమే తెలుస్తుంది. సైగ చేసే మనిషి తల పైనుంచి నడుము దాకా, తెరలో కనీసం మూడో వంతు కనిపించాలి. మూలన చిన్న పెట్టెలో నిలబడితే పెద్దవాళ్లకే వేళ్లు అందవు, ఇక మూడేళ్ల పిల్లలకు ఏమి అందుతాయి? వెనక రంగురంగుల బొమ్మలు కదులుతుంటే కళ్లు వాటి వెంటే పోతాయి. చేతుల రంగుకు భిన్నమైన, ఒకే రంగు వెనకతెర ఉన్న కార్యక్రమానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

సైగ చేసేది ఎవరు? బధిరులే చేస్తే మంచిది. వాళ్లకు అది సొంత భాష. అమెరికా పిల్లల కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’లో బధిర నటి లిండా బోవ్ 1971 నుంచి 2002 దాకా కనిపించారు. పాఠం చెప్పే టీచరుగా కాదు, ఆ వీధిలో ఉండే ఒక మనిషిగా. వినికిడి ఉన్న పిల్లలు ఆమెను చూసి సైగలు నేర్చుకున్నారు. వినికిడి లేని పిల్లలు పెద్దయితే తాము కూడా ఇలా ఉంటామని తెలుసుకున్నారు. అక్క కూతురు నాలుగేళ్ల వయసులో మొదటిసారి ఒక బధిర మహిళ వీడియో చూసినప్పుడు తెర దగ్గరికి వెళ్లి ఆమె చెవి మీద వేలు పెట్టి, తర్వాత తన చెవి మీద పెట్టుకుంది. ఆ ఒక్క కారణంతో కూడా బధిరులు కనిపించే కార్యక్రమాన్నే ఎంచుకోవచ్చని నా నమ్మకం.

మిగతా రెండింటినీ క్లుప్తంగా చెబుతాను. పదాలు మాత్రమే చూపిస్తోందా, వాక్యాలు కూడానా అని గమనించండి. మధ్యలో ప్రకటనలు వస్తాయా అన్నది కూడా చూడండి.

## మన ముందున్న దారులు

### పీఎం ఈ-విద్య 31వ ఛానల్

భారతీయ సైగల భాషకే కేటాయించిన ఛానల్ ఇది. కేంద్ర విద్యాశాఖ 2024 డిసెంబరు 6న ప్రారంభించింది. రోజంతా ప్రసారమవుతుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో నెలసరి చందా లేకుండా వస్తుంది, యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. ఇందులో బడి పాఠాలు, ఉపాధ్యాయులకు శిక్షణ, ఉద్యోగ మార్గదర్శనం వంటివి ఉంటాయి. సైగల భాషను కూడా హిందీ, ఇంగ్లిషుల్లాగే ఒక భాషగా నేర్పడం దాని లక్ష్యాల్లో ఒకటి.

దీని బలం స్పష్టం. చూపించేది మన దేశపు సైగలే. ఖర్చు లేదు. వాక్యాలు, కథనాలు ఉంటాయి. దీని పరిమితి కూడా అంతే స్పష్టం. ఇది ప్రధానంగా బడికి వెళ్లే పిల్లలనూ వాళ్లకు చదువు చెప్పేవారినీ దృష్టిలో పెట్టుకున్న ఛానల్. మూడేళ్ల పిల్లలను పాటలతో, బొమ్మలతో కట్టిపడేయడం దీని పని కాదు. టీవీలో ఛానల్ పెట్టి వదిలేస్తే మీ పాప ముందు పదో తరగతి పాఠం నడుస్తూ ఉండవచ్చు. అందుకే చిన్నపిల్లలకు యూట్యూబ్‌లో ముందుగా చూసి ఎంచుకున్న ముక్కలే పెట్టాలి. ఆరేడేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి, సైగలు నేర్చుకోవాలనుకునే తల్లిదండ్రులకు దీన్నే మొదట సూచిస్తాను.

### ఐఎస్ఎల్ఆర్‌టీసీ నిఘంటువు, ‘సైన్ లర్న్’ యాప్

ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం (ఐఎస్ఎల్ఆర్‌టీసీ) 2015లో ఏర్పడింది. అది తయారుచేసిన వీడియో నిఘంటువు 2018లో 3,000 పదాలతో మొదలై, 2021లో వచ్చిన మూడో కూర్పు నాటికి 10,000 పదాలకు చేరింది. 2022 సెప్టెంబరులో ‘సైన్ లర్న్’ అనే ఫోను యాప్ కూడా వచ్చింది. ఇది టీవీ కార్యక్రమం కాదు, ఫోనులోని వీడియోలను టీవీలో చూపించుకోవాలి. అయినా ఈ జాబితాలో దీన్ని చేర్చాను, ఎందుకంటే మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా తెరిచింది దీన్నే.

పిల్లలకు దీన్ని నేరుగా చూపిస్తే విసుగు పుడుతుంది. ఒక్కో పదానికి ఒక్కో చిన్న వీడియో, అంతే. పాట లేదు, కథ లేదు. కానీ అమ్మకో అమ్మమ్మకో ఇది నిధి. సాయంత్రం పాపకు ‘గొడుగు’ చెప్పాలంటే మధ్యాహ్నమే చూసుకుని సిద్ధంగా ఉండవచ్చు. యాప్‌లో పదాన్ని ఇంగ్లిషులోనో హిందీలోనో వెతకాలి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు అది కాస్త అడ్డు. ఇంట్లో మరొకరు వెతికి పెడితే సరిపోతుంది. వీడియో మొదలైన తర్వాత భాషతో పని లేదు.

### అమెరికా పాటల కార్యక్రమాలు

ఇంటర్నెట్‌లో పిల్లల సైగలు అని వెతికితే ముందు వరుసలో వచ్చేవి ఇవే. నిర్మాణంలో వీటికి సాటి లేదు. ‘సైనింగ్ టైమ్’ దీనికి మంచి ఉదాహరణ. రేచల్ కోల్‌మన్ తన కుమార్తె లియాకు వినికిడి లేదని తెలిసిన తర్వాత, చుట్టూ ఉన్న పిల్లలు లియాతో మాట్లాడగలగాలని సోదరితో కలిసి మొదటి వీడియో చేశారు. అది 2002లో వచ్చింది. తర్వాత అమెరికా ప్రజా టెలివిజన్‌లోనూ ప్రసారమైంది. లియా, వినికిడి ఉన్న ఆమె బంధువు అలెక్స్ ఇద్దరూ తెర మీద ఆడుతూ సైగలు చేస్తారు. ఒక్కో పదాన్ని నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చూపిస్తారు. వేర్వేరు పిల్లలు అదే సైగను తమ చిన్న చేతులతో చేయడం చూపిస్తారు. ఇంత ఓపికగా నేర్పే తీరు మరెక్కడా చూడలేదు. ఆ ప్రజా టెలివిజన్‌లో పిల్లల విభాగమైన పీబీఎస్ కిడ్స్ కూడా 2024 నుంచి కొన్ని కార్యక్రమాలను అమెరికా సైగల భాషతో కలిపి అందిస్తోంది.

మరి వాటినే పెట్టేయవచ్చు కదా? ఇక్కడే అసలు చిక్కు. అవి నేర్పేది అమెరికా సైగలు. బెంగళూరులో, చెన్నైలో, నెల్లూరులో మీ బిడ్డ కలిసే బధిరులు వాడేది అది కాదు. అమెరికా వెళ్లి స్థిరపడాలనుకునే కుటుంబమైతే మాట వేరు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో అలాంటి తెలుగు ఇళ్లు తక్కువేమీ కావు. వీసా కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో వినికిడి లేని బిడ్డ ఉంటే ఈ కార్యక్రమాలు ముందస్తు సన్నాహంగా పనికొస్తాయి. లేకపోతే వీటిని నేర్పే పద్ధతి కోసం మాత్రమే పెద్దవాళ్లు చూడాలని నా సలహా. పదం చెప్పడం, వస్తువు చూపడం, సైగ చేయడం, మళ్లీ వస్తువు చూపడం అనే ఆ వరుసను అక్కడ నేర్చుకుని మన సైగలతో ఇంట్లో చేయవచ్చు.

### మాకటన్ పద్ధతి, బీబీసీ ‘సమ్‌థింగ్ స్పెషల్’

జస్టిన్ ఫ్లెచర్ నడిపే ఈ బ్రిటిష్ కార్యక్రమం 2003లో మొదలైంది. ఇందులో వాడేది మాకటన్. అది సంపూర్ణమైన సైగల భాష కాదు. మాట్లాడుతూనే వాక్యంలోని ముఖ్య పదాలకు మాత్రం సైగ చేసే పద్ధతి. మాటలు ఆలస్యమైన పిల్లలకు, డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లలకు ఇలాంటి పద్ధతులు వాడతారు. మీ పాప వింటుంది కానీ మాట రావడం లేదంటే, స్పీచ్ థెరపిస్టును అడిగి ఇదే తరహాలో, తెలుగులో మాట్లాడుతూ ముఖ్య పదాలకు భారతీయ సైగలు కలపవచ్చు. వినికిడి లేని బిడ్డకు మాత్రం ఇది సరిపోదు. ఆ బిడ్డకు ముఖ్య పదాలు చాలవు, పూర్తి భాష కావాలి.

### తెలుగు కార్టూన్, పక్కన మీ చేతులు

ఇంట్లో ఖుషీ టీవీయో బాలభారతో ఎలాగూ నడుస్తుంది. పిల్లలకు బాగా తెలిసిన ఒక కార్టూన్ పెట్టి, టీవీ పక్కన మీరే కూర్చుని, కథలో వచ్చే పది పన్నెండు పదాలకు సైగలు చేయడం ఈ దారి. చాలామంది దీన్ని అసలు ఒక దారిగానే లెక్కించరు. నాకు మాత్రం ఇది చాలా ఇష్టం. కథ తెలుగులో ఉంటుంది కాబట్టి తాతయ్య కూడా కూర్చుంటారు. సైగలు చేసేది తెలిసిన మనిషి కాబట్టి పిల్లలు వెంటనే బదులు చేస్తారు. మీకు ముందు ఆ సైగలు రావాలి, అదే కష్టం. టీవీ బదులు బొమ్మల పుస్తకంతోనూ ఇది చేయవచ్చు. బెంగళూరుకే చెందిన ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో పేజీ దగ్గర కావలసినంత సేపు ఆగవచ్చు.

### ఎదురుగా ఒక బధిర మనిషి

ఇది టీవీ కాదు. కానీ మిగతావన్నీ దీనితో పోల్చి చూడాలి. వారానికి ఒకసారి ఇంటికి వచ్చే బధిర యువతి, బధిరుల సంఘంలో పరిచయమైన కుటుంబం, వీడియో కాల్‌లో పాఠం చెప్పే బధిర టీచరు, ఎవరైనా సరే. బధిర తల్లిదండ్రులకు పుట్టిన పసిపిల్లలు చేతులతోనే ముద్దుముద్దు పలుకులు పలుకుతారని 1991లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన చూపించింది. వాళ్లకు ఆ భాష పెట్టింది టీవీ కాదు, చుట్టూ ఉన్న చేతులు. ఖర్చు, ట్రాఫిక్, సమయం ఇవన్నీ ఈ దారికి అడ్డే. మారతహళ్లి నుంచి నగరం అవతలి కొసకు సాయంత్రం పూట పాపను తీసుకెళ్లడం ఎంత పనో ఇక్కడ ఉండేవారికి చెప్పనక్కర్లేదు. అయినా నెలకు రెండుసార్లైనా ఇది కుదిరితే, టీవీలో చూసినవన్నీ ప్రాణం పోసుకుంటాయి.

## ఒక చూపులో

| దారి | ఎవరి సైగలు | తగిన వయసు | వాక్యాలు ఉంటాయా | ఖర్చు | ముఖ్యమైన లోటు |
|---|---|---|---|---|---|
| పీఎం ఈ-విద్య 31 | భారతీయ | ఆరేడేళ్లు పైబడినవారు, పెద్దలు | ఉంటాయి | లేదు | పసిపిల్లల కోసం చేసింది కాదు |
| నిఘంటువు, యాప్ | భారతీయ | పెద్దలు | ప్రధానంగా పదాలే | లేదు | పిల్లలను ఆకట్టుకోదు |
| అమెరికా పాటలు | అమెరికా | రెండు నుంచి ఆరేళ్లు | కొన్ని | కొన్నింటికి చందా | ఇక్కడి బధిరులతో పనికిరాదు |
| మాకటన్ తరహా | బ్రిటన్ మూలం | మాట ఆలస్యమైనవారు | ఉండవు | మారుతుంది | పూర్తి భాష కాదు |
| తెలుగు కార్టూన్, మన చేతులు | మీరు నేర్చినవి | మూడేళ్ల నుంచి | మీ మీద ఆధారం | లేదు | మీరు ముందు నేర్చుకోవాలి |
| బధిర మనిషి | భారతీయ | పుట్టినప్పటి నుంచి | పూర్తిగా | ఉండవచ్చు | సమయం, దూరం |

## ఎవరు ఏది ఎంచుకోవాలి

మీ బిడ్డకు వినికిడి లేకపోతే టీవీని మొదటి దారిగా పెట్టుకోవద్దు. ఈ మాట నొక్కి చెబుతున్నాను. మొదటి మూడు నాలుగేళ్లు భాష నాటుకునే కాలం. అది దాటిపోతే తిరిగి పట్టుకోవడం చాలా కష్టం. వినికిడి లేని పిల్లల్లో చాలా ఎక్కువ మంది వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు కాబట్టి ఇంట్లో ఆ భాష ముందే ఉండదు. అంటే టీవీ అవసరం బిడ్డ కంటే మీకే ఎక్కువ. బిడ్డ పడుకున్న తర్వాత మీరు, మీ ఆయన, అత్తమామలు కలిసి 31వ ఛానల్ వీడియోలు, నిఘంటువు చూడండి. పగలంతా ఆ చేతులతో బిడ్డతో మాట్లాడండి. బిడ్డకు బధిర పెద్దలను వీలైనంత త్వరగా పరిచయం చేయండి.

వైద్యం, వినికిడి యంత్రం, శస్త్రచికిత్సతో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి నిపుణులతో మాట్లాడటం దీనితో పాటే సాగాలి. బెంగళూరులో లింగరాజపురం దగ్గర డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ వాక్ శ్రవణ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. చెన్నైలో ఉండేవారికి ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. చెన్నైలోని బాల విద్యాలయ లాంటి చోట్ల వినడం, మాట్లాడటం మీదనే పూర్తిగా దృష్టి పెట్టే పద్ధతి ఉంది. ఆ దారిలో వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. కానీ సైగలు నేర్పితే ఇక మాట రాదు అని ఎవరైనా భయపెడితే, ఆ భయంతో బిడ్డను ఏ భాషా లేకుండా ఉంచవద్దు. మాట రావడానికి పట్టే నెలలు, ఏళ్లలో కూడా ఆ బిడ్డకు ఆకలేస్తుంది, భయమేస్తుంది, అడగవలసిన ప్రశ్నలుంటాయి. మా అక్క రెండూ కలిపి నడిపింది. ఆ నిర్ణయం సరైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ పిల్లలకు వినికిడి ఉంది, స్నేహితుడికో బంధువుకో లేదు అనే ఇళ్లలోనే టీవీ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. నేర్చుకున్నది మర్నాడే వాడటానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు కదా. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తెలుగు కార్టూన్ పక్కన మీ చేతులు, వారాంతంలో 31వ ఛానల్ నుంచి ఎంచిన చిన్న వీడియో, ఇంతే చాలు. ముందు ఆటకు కావలసిన సైగలు నేర్పండి: రా, ఆగు, నా వంతు, నీ వంతు, మళ్లీ, దొంగాట వద్దు. రంగులు, జంతువులు, అంకెలు తర్వాత వస్తాయి. పిల్లల కార్యక్రమాలన్నీ జంతువులతోనే మొదలవుతాయి గానీ, ఇద్దరు పిల్లలు జారుడుబల్ల దగ్గర ఏనుగు గురించి మాట్లాడుకోరు.

ఏడాది పాపకు నాలుగు సైగలు చాలు అనుకునేవారికి టీవీ అక్కర్లేదు. నిఘంటువు చూసి మీరే అయిదారు సైగలు నేర్చుకుని, అన్నం పెట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు చేయండి. తినడానికి వేళ్లు దగ్గరగా కూర్చి నోటి దగ్గరికి తీసుకెళ్లడం ప్రతి తెలుగు ఇంట్లో ఎలాగూ ఉన్నదే. సైగలు నేర్పితే తెలివి పెరుగుతుందన్న ప్రచారాన్ని నమ్మి డబ్బు పెట్టి ఏమీ కొనవద్దు.

మాట ఆలస్యమైన పిల్లలకు ముందు వినికిడి పరీక్ష చేయించండి. టీవీ, యాప్, సైగలు అన్నీ దాని తర్వాతే.

## చూసేటప్పుడు

ఒక చిన్న విషయం దగ్గర నుంచి చూస్తే గానీ తెలియదు. తెర మీద ఆమె అరచేతిని బయటికి చూపిస్తూ ‘ఆగు’ అంటుంది. మా మూడేళ్లవాడు అదే సైగను అరచేయి తన ముఖం వైపు తిప్పి చేశాడు. వాడి లెక్క సరైనదే. వాడికి తెర మీద కనిపించింది అరచేయి, కాబట్టి తన చేతిలోనూ తనకు అరచేయే కనిపించాలి. ఎదురుగా ఉన్న బొమ్మను చూసి నేర్చుకునే చాలామంది పసిపిల్లలు ఇలాగే తిప్పేస్తారు. టీవీ దీన్ని దిద్దలేదు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇద్దరూ ఒకే వైపు చూస్తూ, వాళ్ల చేతుల ముందు మీ చేతులు పెట్టి చేసి చూపిస్తే వెంటనే సరిపోతుంది. సైగ చేసే మనిషి కుడిచేతివాటమా, మీ పాప ఎడమచేతివాటమా అన్న బెంగ మాత్రం అక్కర్లేదు. ఏ చేయి అలవాటైతే దానితో చేయవచ్చు.

వినికిడి లేని బిడ్డతో చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. వినే పిల్లలు తెర చూస్తూనే మీ మాట వింటారు. వినికిడి లేని బిడ్డ ఒకేసారి తెరనూ మీ చేతులనూ చూడలేదు. కాబట్టి వీడియో ఆపాలి. నెల్లూరు నుంచి వచ్చినప్పుడు మా అమ్మ ఈ పని ఎవరూ చెప్పకుండానే చేసేది. తెర మీద అరటిపండు రాగానే రిమోట్‌తో ఆపి, వంటింట్లోంచి అరటిపండు తెచ్చి టీవీ పక్కన పెట్టి, పాప చూపు పండు మీది నుంచి తన వైపు తిరిగేదాకా ఆగి, అప్పుడు సైగ చేసేది. పాప చేసిన తర్వాతే వీడియో మళ్లీ కదిలేది. అయిదు నిమిషాల వీడియోకు అరగంట పట్టేది. ఆ వేగమే సరైన వేగం.

యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కి తగ్గించండి. అంతకంటే తగ్గిస్తే సైగల లయ చెడుతుంది. ఒకే వీడియోను వారమంతా చూపించండి, కొత్తవాటి వెంట పరుగెత్తవద్దు. ఆ తర్వాత కూడా టీవీ ఆపినప్పుడు పాప ఒక్క సైగా వాడటం లేదంటే, ఆ కార్యక్రమాన్ని పక్కన పెట్టి ఇంకోటి చూడండి.

ఊళ్లో ఉన్న అమ్మమ్మ తాతయ్యలను కూడా ఇందులోకి లాగండి. వీడియో కాల్‌లో వాళ్లు సైగ చేయాలంటే ఫోను చేతిలో ఉండకూడదు, చెంబుకో డబ్బాకో ఆనించి పెట్టాలి. కిటికీ వాళ్ల వెనక కాదు, ఎదురుగా ఉండాలి, లేకపోతే ముఖం చీకటిగా పడి కనుబొమలు కనిపించవు. ఫోనును నడుము దాకా కనిపించేంత దూరంలో పెట్టమనండి. ఆ వారం పాప చూసిన వీడియోను ముందురోజే వాళ్లకు పంపితే, కాల్‌లో ఏ సైగ చేయాలో వాళ్లకు తెలిసి ఉంటుంది.